వెండి పట్టీ ఉన్న పాత ఇంగ్లీష్ బ్రయర్ పైపు: ఎవరు చేశారో చెప్పగలరా?

కోవెంట్రీ_కిరణ్

అందరికీ నమస్తే. ఇక్కడ ఆదివారం పాత సామాన్ల సంతలో ఒక రేకు డబ్బా నిండా బ్రయర్ (ఒక పొద వేరు చెక్క) పైపులు కొన్నాను. పొగ తాగే అలవాటు లేదు, ముందే చెప్తున్నా, మళ్లీ ఎవరూ క్లాసు పీకొద్దు. పాత వస్తువుల పిచ్చి, అంతే. డబ్బాలో సగం చెత్త. మూడు మాత్రం ఆసక్తిగా ఉన్నాయి.

మొదటిది నిటారు పైపు, ముదురు గోధుమ రంగు బౌల్ (పొగాకు పెట్టే గిన్నె), షాంక్ (బౌల్‌కీ మౌత్‌పీస్‌కీ మధ్య కాడ) చివర వెండి పట్టీ. మౌత్‌పీస్ మీద తెల్ల చుక్క ఉంది. అమ్మినాయన "డన్‌హిల్ బాబూ, తెల్ల చుక్క చూడు" అని చుక్కనే పదిసార్లు చూపించాడు. డన్‌హిల్ అంటే లండన్‌లో పేరున్న పైపుల కంపెనీ. నాకైతే నమ్మకం లేదు. చెక్క మీద ముద్ర బాగా అరిగిపోయింది, ఏటవాలుగా పెట్టిన చతురస్రం లాంటి గీత ఒకటి లీలగా కనిపిస్తోంది. పట్టీ మీద నాలుగు చిన్న గుర్తులున్నాయి. ఒకటి ఇంగ్లీష్ అక్షరాలు, ఒకటి లంగరు, ఒకటి నడుస్తున్న సింహం, చివర చిన్న ఎమ్ లాంటిది.

రెండోది వంకర పైపు. దాని పట్టీ మీద మూడాకుల గుర్తు, కుక్క, గోపురం. మూడోది "గిల్డ్‌హాల్" అని రాసి ఉన్న పైపు, మౌత్‌పీస్ పక్కన మూడు లోహపు గీతలు.

ఫొటోలు రేపు పగటి వెలుతురులో తీసి పెడతాను. ముందు ఏం చూడాలో చెప్పండి.

బ్రయర్_బాబు

తెల్ల చుక్కని వదిలేయ్ బ్రో. ఈ సరదాలో మొదటి పాఠం అదే. మౌత్‌పీస్ ఊడదీసి ఇంకోటి పెట్టడానికి ఐదు నిమిషాలు పట్టదు. వందేళ్లు వాడిన వస్తువు, కొరికి కొరికి మౌత్‌పీస్ పాడైతే ఏ షాపువాడో తన దగ్గరున్నది అరగదీసి పెట్టి ఇస్తాడు. సాక్ష్యం అంటే చెక్క మీద కొట్టిన ముద్ర, దాని తర్వాత వెండి, ఆ తర్వాతే మౌత్‌పీస్. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు ఈ వరసని తలకిందులు చేసి చెప్తారు, ఎందుకంటే చుక్క ఫొటోలో బాగా పడుతుంది.

అసలు డన్‌హిల్ వాళ్లు ఆ చుక్క పెట్టింది హంగు కోసం కాదు. నిటారు పైపుకి మౌత్‌పీస్ పైవైపు ఏది, కిందివైపు ఏది అని తెలియడానికి 1912 ప్రాంతంలో మొదలుపెట్టారు. తర్వాత అదే బ్రాండ్ అయి కూర్చుంది. తెల్ల చుక్క ఉండి షాంక్ మీద డన్‌హిల్ అని లేకపోతే నా లెక్కలో అది డన్‌హిల్ కాదు.

వెండిమచ్చ

కిరణ్ గారూ, మీ దగ్గర వెండి ఉంది కాబట్టి మీరు అదృష్టవంతులు. చెక్క అరిగిపోవచ్చు గానీ ఇంగ్లండ్‌లో వెండి మీద కొట్టే హాల్‌మార్కుకి చట్టం ఉంది, పద్ధతి ఉంది. నడిచే సింహం అంటే స్టెర్లింగ్ వెండి, వెయ్యికి 925 పాళ్లు. లంగరు అంటే బర్మింగ్‌హామ్ పరీక్షా కార్యాలయం. బర్మింగ్‌హామ్‌కి సముద్రం లేదు కదా, లంగరేంటని అడగకండి, గుర్తు అదే. చిరుతపులి తల ఉంటే లండన్. మూడు గోధుమ కట్టలూ కత్తీ ఉంటే చెస్టర్, ఆ కార్యాలయం 1962లో మూతపడింది, కాబట్టి చెస్టర్ గుర్తున్న పైపు అంతకంటే కొత్తది అయ్యే అవకాశమే లేదు. షెఫీల్డ్‌కి 1974 దాకా కిరీటం, ఆ తర్వాత గులాబీ.

విడిగా ఉన్న ఒక్క అక్షరం సంవత్సరం చెప్తుంది. కానీ అక్షరం ఒక్కటే చాలదు, అది ఏ రకం అచ్చులో ఉందో, చుట్టూ ఉన్న డాలు ఆకారం ఏంటో కూడా చూడాలి, ఎందుకంటే వరస అయిపోగానే మళ్లీ "ఏ" నుంచి మొదలుపెడతారు. బర్మింగ్‌హామ్‌లో 1875 నుంచి 1899 వరకు గోతిక్ చిన్న అక్షరాలు, 1900 నుంచి 1924 వరకు మామూలు చిన్న అక్షరాలు, 1925 నుంచి 1949 వరకు పెద్ద అక్షరాలు. జే అక్షరం వదిలేస్తారు. మీది మామూలు చిన్న ఎమ్ అయితే 1911. వాళ్ల లెక్క జూలై నుంచి జూన్ దాకా కాబట్టి 1911-12 అనుకోండి.

ఇక మిగిలింది ఆ అక్షరాల గుంపు. అది వెండి పని రిజిస్టర్ చేసుకున్న కంపెనీ పేరు. అసలు తాళం అదే. దాన్ని చదివి చెప్పండి.

కోవెంట్రీ_కిరణ్

అక్షరాల్లో మొదటిది ఏ అనుకుంటున్నా, రెండోది ఎఫ్ కావచ్చు, పీ కూడా కావచ్చు. చివర సీఓ ఉన్నట్టుంది. వెండి నల్లబడింది. పాలిష్ పెట్టి రుద్దనా?

వెండిమచ్చ

వద్దు వద్దు వద్దు. రుద్దితే నలుపు పోతుంది, నలుపుతో పాటు అక్షరం అంచులూ పోతాయి. అసలు గుర్తు లోపల కూరుకున్న నలుపే అక్షరాన్ని చదివిస్తుంది. మెత్తటి గుడ్డతో పైపైన తుడవండి చాలు.

దొరవారి_చుంగాణి

నాయనా కిరణ్, ముద్ర చదవడానికి నేను చేసే పద్ధతి చెప్తాను. గదిలో లైట్లు ఆర్పేసి, చిన్న టార్చి ఒకటి పైపుకి పక్కగా, దాదాపు సమాంతరంగా పట్టుకోవాలి. పైనుంచి వెలుతురు కొడితే అంతా చదునుగా కనిపిస్తుంది. పక్కనుంచి కొడితే గుంటల్లో నీడ పడుతుంది. పైపుని మెల్లగా తిప్పుతూ పోతే ఒక కోణంలో అక్షరం టక్కున లేస్తుంది. ఫోన్ కెమెరాతో వీడియో తీసి తర్వాత ఆపి ఆపి చూసుకుంటే ఇంకా తేలిక. చాక్‌పీసు పొడి కొంచెం వేలితో అద్ది తుడిచేసినా గుంటల్లో తెల్లగా నిలబడుతుంది, చెక్కకి ఏ హానీ లేదు.

ఇసుక కాగితం మాత్రం ముద్ర దరిదాపులకి రానీయకండి. పాత పైపుల ముద్రల్ని కాలం కంటే పాలిష్ చక్రాలే ఎక్కువ మింగాయి. కొత్తగా మెరవాలని షాంక్ అంతా చక్రం మీద పెట్టి, తర్వాత "పేరు తెలియని పాత ఇంగ్లీష్ పైపు" అని అమ్ముతారు. పేరు తెలియకుండా చేసింది వాళ్లే.

ఆ ఏటవాలు చతురస్రం అన్నారే, దాని లోపల ఏముందో చూడండి. నాకో అనుమానం ఉంది, ఫొటో వచ్చాక చెప్తాను.

బ్రయర్_బాబు

మాస్టారి అనుమానం నాకు అర్థమైంది, నేనూ నోరు మూసుకుంటా.

ఈలోపు రెండోది, మూడోది తేల్చేద్దాం. మూడాకులు, కుక్క, గోపురం అంటే పీటర్సన్. డబ్లిన్ కంపెనీ, కాప్ అండ్ పీటర్సన్. ఇంగ్లీష్ కాదు, ఐరిష్. కానీ లండన్‌లో కూడా కొంతకాలం చేశారు, "మేడ్ ఇన్ లండన్ ఇంగ్లండ్" అని ముద్ర ఉన్న పీటర్సన్లు దొరుకుతాయి, చూసి కంగారు పడొద్దు. అసలు విషయం ఏంటంటే ఆ మూడు బొమ్మలూ హాల్‌మార్కులు కావు. హాల్‌మార్కులా కనిపించేలా పెట్టిన అలంకారం. నికెల్ పట్టీల మీద కూడా అవే ఉంటాయి. నిజమైన ఐరిష్ వెండి అయితే కిరీటం పెట్టిన వీణ, కూర్చున్న హైబర్నియా (ఐర్లండ్‌కి ప్రతీకైన స్త్రీ) బొమ్మ ఉండాలి.

వెండిమచ్చ

దీనికి తోడు ఇంకో మాయ ఉంది. చిన్న చిన్న డాళ్లలో ఈ, పీ అని విడివిడిగా కొట్టి ఉంటుంది, దూరం నుంచి చూస్తే అచ్చం హాల్‌మార్కే. అది ఎలక్ట్రోప్లేట్, అంటే వెండి పూత. పాత పైపుల మీద సింహం లేకపోతే ఇంగ్లీష్ స్టెర్లింగ్ వెండి కాదు, ఇంతే గుర్తుపెట్టుకోండి.

బ్రయర్_బాబు

మూడోది గిల్డ్‌హాల్. అది కొమోయ్ అనే పైపుల కంపెనీ వాళ్ల రెండో వరస (చవక రకం) సరుకు. మూడు లోహపు గీతలు దాని గుర్తే. కొమోయ్ అసలు పుట్టింది ఫ్రాన్స్‌లో, జూరా కొండల్లో సెయింట్ క్లాడ్ అనే ఊళ్లో 1825లో. హెన్రీ కొమోయ్ 1879లో లండన్ వచ్చి ఇక్కడ పెట్టాడు. బ్రయర్ పైపు అనేదే సెయింట్ క్లాడ్ వాళ్ల పుణ్యం, ఇంగ్లీష్ వాళ్లు తర్వాత మంచి పేరు కొట్టేశారు గానీ.

షాంక్ కుడిపక్కన గుండ్రంగా "మేడ్ ఇన్ లండన్", కింద "ఇంగ్లండ్" అని ఉందా? పక్కన మూడంకెల నంబర్ ఉందా?

కోవెంట్రీ_కిరణ్

ఉంది. గుండ్రంగా ఉంది. నంబర్ కూడా మూడంకెలే.

బ్రయర్_బాబు

అయిపోయింది, కేసు క్లోజ్. రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి సరుకు. ఆ నంబర్ కొమోయ్ వాళ్ల ఆకారం నంబర్. అసలు కొమోయ్ పైపు మీద ఏ నంబర్ ఏ ఆకారానికి వాడారో రెండో వరస మీద కూడా అదే వాడారు. అందుకే పేరు తెలియని పైపుల్లో కూడా నంబర్ని బట్టి "ఇది కొమోయ్ ఫ్యాక్టరీ నుంచి వచ్చింది" అని చెప్పగలుగుతాం.

దొరవారి_చుంగాణి

బాబూ, అంత తొందరగా మూసేయకండి. గుండ్రటి ముద్ర చూసి ప్రతిదీ కొమోయ్ అనడం ఈమధ్య అందరికీ అలవాటైంది. గిల్డ్‌హాల్ విషయంలో మీ మాట కరెక్టే, పేరు ఉంది కాబట్టి. పేరు లేనప్పుడు జాగ్రత్త. జీబీడీ ఉంది కదా. పారిస్‌లో 1850లో గానెవాల్, బోండియర్, డోనింగర్ అనే ముగ్గురు మొదలుపెట్టారు, ఆ ముగ్గురి పేర్ల మొదటి అక్షరాలే జీబీడీ. 1902లో లండన్ ఆపన్‌హైమర్ కంపెనీ చేతికి వచ్చింది. లండన్‌లో చేసిన జీబీడీల మీద "లండన్ ఇంగ్లండ్" అని తిన్నని వరసలో ఉండేది. 1981లో కొమోయ్ ఫ్యాక్టరీతో కలిపేశాక వాటి మీదా గుండ్రటి ముద్రే వచ్చింది. అంటే జీబీడీ చేతికి దొరికితే ముద్ర తిన్నగా ఉందా గుండ్రంగా ఉందా అన్న ఒక్కదాంతో 1981కి ముందా వెనకా తెలిసిపోతుంది. మౌత్‌పీస్ మీద ఇత్తడి బిళ్ల పొదిగి ఉంటే పాతది, ఊరికే ముద్ర కొట్టి ఉంటే విలీనం తర్వాతిది కావడానికే అవకాశం ఎక్కువ.

కొమోయ్‌లో కూడా మౌత్‌పీస్ మీద సీ అక్షరం చూడండి. పాతవాటిలో అది ఒక్క ముక్క కాదు. తెల్లటి ముక్క పొదిగి, దాని మధ్యలో మళ్లీ రంధ్రం చేసి నల్ల ముక్క పెట్టి, పక్కన నోరు తెరిచి ఇంకో ముక్క పెట్టేవారు. భూతద్దంలో చూస్తే అతుకులు కనిపిస్తాయి. కొత్తవాటిలో ఆ ఓపిక లేదు.

చీరాల_పిల్లోడు

అన్నలూ అక్కలూ, థ్రెడ్డు మధ్యలో దూరుతున్నా, ఏమనుకోవద్దు. మా తాతయ్య చీరాల ఐఎల్‌టీడీలో, అదే పొగాకు కంపెనీలో, పని చేశారు. బార్నులు, పొగాకు గ్రేడింగు, ఆ గొడవంతా ఆయనదే. రిటైరై వెళ్లిపోతూ ఒక దొర ఆయనకి ఒక పైపు ఇచ్చి పోయాడట. తాతయ్య చుట్ట తప్ప పైపు ముట్టలేదు, అందుకే కొత్తదానిలా ఉంది. మా నానమ్మ దాన్ని ఇన్నాళ్లూ పొగగొట్టం అని పెట్టెలో పెట్టింది. ముద్ర మాత్రం సూదిలా ఉంది. "బార్లింగ్స్" అని వంపుగా, దాని కింద "మేక్" అని. ఇంకోపక్క "ఈఎల్" అని, మూడంకెల నంబర్, "మేడ్ ఇన్ ఇంగ్లండ్". ఇది ఏమైనా విలువైనదా? మా బావ రెండు వేలకి అడుగుతున్నాడు.

బ్రయర్_బాబు

మీ బావకి ఇవ్వకు తమ్ముడూ. ప్లీజ్.

దొరవారి_చుంగాణి

బావ తెలివైనవాడే.

బార్లింగ్ గురించి చెప్పాలంటే రాత్రంతా పడుతుంది. లండన్‌లో 1812లో వెండి పనివాళ్లుగా మొదలైన కుటుంబం. మొదట్లో మీర్షామ్ (తెల్లటి మెత్తటి ఖనిజం) పైపులకి వెండి తొడుగులు చేసేవారు. అందుకే పాత బార్లింగ్ పైపుల వెండి మీద ఈబీ, డబ్ల్యూబీ అన్న అక్షరాలుంటాయి, ఎడ్వర్డ్ బార్లింగ్, విలియం బార్లింగ్ పేర్లవి. బ్రయర్ వచ్చాక దాంట్లోకి దిగి, చెక్కని కోయడం, ఆరబెట్టడం దగ్గర నుంచి అన్నీ తమ చేతుల్లోనే ఉంచుకున్నారు. 1960లో కంపెనీ కుటుంబం చేతుల్లోంచి పెద్ద పొగాకు వ్యాపారం చేతికి పోయింది. 1962లో ముద్రలు మార్చారు. అప్పటిదాకా వంపుగా "బార్లింగ్స్", కింద "మేక్". ఆ తర్వాత చేతిరాతలా వాలుగా "బార్లింగ్". నంబర్లు కూడా నాలుగంకెలకి మారాయి.

మీది వంపు ముద్ర, మూడంకెల నంబర్. అంటే 1962కి ముందు. సేకరించేవాళ్లకి కావల్సింది సరిగ్గా ఇదే. ఈఎల్ అంటే ఎక్స్‌ట్రా లార్జ్. వాళ్ల సైజులు చిన్నగానే మొదలవుతాయి, ఎస్‌ఎస్, ఎస్‌ఎమ్, ఎల్, ఈఎల్, ఇంకా పైన ఈఎక్స్‌ఈఎల్. అందులో ఈఎల్ మరీ పెద్దగా అనిపించదు, మన కళ్లకి మామూలు పైపే.

వీలైతే "యీ ఓల్డ్ వుడ్" అని గానీ "టీవీఎఫ్" అని గానీ ఎక్కడైనా ఉందేమో చూడు. టీవీఎఫ్ అంటే ద వెరీ ఫైనెస్ట్. ఉంటే బావని ఇంట్లోకి కూడా రానీయకు.

చీరాల_పిల్లోడు

"యీ ఓల్డ్ వుడ్" ఉంది!! నేనేదో షాపు పేరు అనుకున్నా. టెన్షన్‌గా ఉంది ఇప్పుడు, పెట్టెకి తాళం వేసొచ్చా.

సైలెంట్_రీడర్

ఈ చర్చలో ఒక చిన్న సందేహం. గుంటూరు, చీరాల పొగాకు ఇంగ్లండ్ పోయేది, పైపులు అక్కడి నుంచి ఇక్కడికొచ్చేవి. మద్రాసు స్పెన్సర్స్‌లో గానీ బొంబాయి ఆర్మీ అండ్ నేవీ స్టోర్స్‌లో గానీ అమ్మిన పైపుల మీద షాపు పేరే ఉంటుంది కదా, అప్పుడు తయారీదారు ఎలా తెలుస్తాడు?

దొరవారి_చుంగాణి

మంచి ప్రశ్న. షాపువాళ్లు చాలావరకు సొంతంగా చేసేవారు కాదు, లండన్ ఫ్యాక్టరీలకి ఆర్డరిచ్చి తమ పేరు కొట్టించుకునేవారు. లండన్‌లోనే ఎన్ని పొగాకు దుకాణాలు అలా చేయించుకున్నాయో లెక్కలేదు. అలాంటప్పుడు పేరుని పక్కన పెట్టి మిగతావి చూడాలి. దేశం పేరు ఏ ఆకారంలో కొట్టారు, నంబర్ ఎన్ని అంకెలు, వెండి ఉంటే దానిమీద ఎవరి అక్షరాలు. షాపు పేరు చెక్క మీద ఉన్నా వెండి మీద తయారీదారు అక్షరాలే ఉన్న పైపులు చాలా చూశాను. అవేవీ లేకపోతే షాపు పేరుతోనే పిలవండి. తప్పు లేదు.

కోవెంట్రీ_కిరణ్

సార్, ఫొటోలు పెట్టాను, టార్చి పద్ధతి అద్భుతం. వెండి మీద అక్షరాలు ఏ, ఎఫ్, అండ్ గుర్తు, సీఓ. పీ కాదు, ఎఫే. చెక్క మీద ఏటవాలు చతురస్రం లోపల మూడు అక్షరాలు, మూడూ బీ లాగానే ఉన్నాయి. మౌత్‌పీస్ నోటి దగ్గర రంధ్రం సన్నటి చీలికలా ఉంది, వెడల్పుగా.

దొరవారి_చుంగాణి

నా అనుమానం అదే. బీబీబీ. ఏఎఫ్ అండ్ కో అంటే అడాల్ఫ్ ఫ్రాంకో అండ్ కంపెనీ. 1847లో లండన్‌లో మొదలైంది. ఫ్రాంకో పోయాక కంపెనీని నడిపినవాడు లూయీ బ్లమ్‌ఫెల్డ్, అందుకే బీబీబీ అంటే మొదట బ్లమ్‌ఫెల్డ్స్ బెస్ట్ బ్రయర్స్ అని చెప్తారు, తర్వాత బ్రిటన్స్ బెస్ట్ బ్రయర్స్ అయింది. 1876లో ఇంగ్లండ్‌లో ట్రేడ్‌మార్కు రిజిస్టరు తెరిచారు, బీబీబీ ఆ ఏడే నమోదైంది. వజ్రం ఆకారంలో మూడు బీలు. మీరు ఏటవాలు చతురస్రం అన్నది అదే.

వెండి 1911, ముద్ర బీబీబీ, రెండూ ఒకదానికొకటి సాక్ష్యం. అమ్మినాయన డన్‌హిల్ అంటే, డన్‌హిల్ వాళ్లు డ్యూక్ స్ట్రీట్‌లో దుకాణం తెరిచిందే 1907లో, సొంతంగా పైపులు చేయడం మొదలుపెట్టింది 1910లో. ఈ పట్టీ ముద్ర కొట్టించుకున్నప్పుడు వాళ్లింకా కొత్తవాళ్లు, ఫ్రాంకో అప్పటికే పాతకాపు.

బ్రయర్_బాబు

మౌత్‌పీస్ కూడా అదే చెప్తోంది చూడండి. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు చేసిన పైపుల్లో నోటి దగ్గర రంధ్రం గుండ్రంగా, చిన్నగా, సూటిగా నోట్లోకి కొట్టేలా ఉండేది. సన్నటి చీలిక మెల్లగా దాని స్థానంలో వచ్చింది. 1911 నాటి బీబీబీకి వెడల్పు చీలిక ఉందంటే మౌత్‌పీస్ తర్వాత పెట్టింది. తెల్ల చుక్క ఎక్కడిదో అప్పుడే తేలిపోయింది.

వెండిమచ్చ

నాకు ఒక్కటే అడ్డంకి. పట్టీ పైపుతో పాటు పుట్టిందా, తర్వాత వేసిందా? షాంక్ పగిలితే వెండి పట్టీ వేసి బిగించడం మామూలు రిపేరు. అలాంటప్పుడు పట్టీ తేదీ పైపు తేదీ కాదు. కిరణ్ గారూ, పట్టీ అంచు చెక్కతో సమానంగా కూర్చుందా, లేక పైకి ఉబ్బెత్తుగా ఉందా? పట్టీ కింద నుంచి పగులు ఏదైనా బయటికి వస్తోందా?

కోవెంట్రీ_కిరణ్

పగులు లేదు. పట్టీ ఉన్నచోట చెక్కని కొంచెం లోపలికి చెక్కి పట్టీని సమానంగా కూర్చోబెట్టారు. చెక్కకీ వెండికీ మధ్య గోరు కూడా దూరడం లేదు.

వెండిమచ్చ

అయితే ఫ్యాక్టరీ పనే. రిపేరువాడు పాత షాంక్‌ని అంత ఓపికగా తగ్గించడు, పైన తొడిగేస్తాడు. పైగా రిపేరు పట్టీ అయితే రిపేరు చేసినవాడి అక్షరాలుంటాయి, పైపు కంపెనీ అక్షరాలు ఉండే అవకాశం తక్కువ. చెక్క మీదా వెండి మీదా ఒకే కంపెనీ కాబట్టి నాకు సందేహం తీరింది. 1911-12 బీబీబీ.

లండన్ హాల్‌మార్కు ఎప్పుడైనా దొరికితే కూడా రాసుకోండి. వాళ్లది ఇరవై అక్షరాల వరస. 1896 నుంచి 1915 మామూలు చిన్న అక్షరాలు, 1916 నుంచి 1935 గోతిక్ చిన్నవి, 1936 నుంచి 1955 పెద్ద అక్షరాలు.

సైలెంట్_రీడర్

నా దగ్గర నిజంగానే డన్‌హిల్ ఉంది, షాంక్ మీద పేరుతో. కొన్ని డన్‌హిల్‌ల మీద "5861/12" అని ఉంటుంది కదా. అంటే అవి 1912లో చేసినవా?

బ్రయర్_బాబు

కాదు కాదు. ఈ ఒక్క నంబర్ మీద ఎంతమంది ఎంత డబ్బు పోగొట్టుకున్నారో. 5861/12 అనేది 1912లో ఇచ్చిన పేటెంటు నంబర్, లోపల పెట్టే అల్యూమినియం గొట్టానికి. ఆ పేటెంటు ముద్ర తర్వాత ఏళ్ల తరబడి కొట్టారు. అలాగే 119708/17 ఉంటే అది షెల్ బ్రయర్, ఇసుక ఊది గరుకు చేసే పద్ధతి మీద పేటెంటు. గీత తర్వాత ఉన్నది పేటెంటు సంవత్సరం, పైపుది కాదు.

పైపు సంవత్సరం కోసం "ఇంగ్లండ్" అన్న మాట చివర డీ పక్కన ఏ అంకె ఉందో చూడు. 1960ల నుంచి లెక్క సులువు, ఆ అంకెని 1960కి కలిపేయడమే. 8 ఉంటే 1968, 15 ఉంటే 1975, 25 ఉంటే 1985. అంతకుముందు 1950ల్లో కూడా ఒక్క అంకే ఉండేది, కానీ చిన్నగా పైకి లేపి, కింద గీత పెట్టి కొట్టేవారు. అరవైల్లో అంకె డీ అంత ఎత్తు ఉంటుంది. చిన్న అంకెనీ పెద్ద అంకెనీ తారుమారు చేస్తే పదేళ్లు తేడా వచ్చేస్తుంది.

సైలెంట్_రీడర్

డీ పక్కన 3, చిన్నగా, కింద గీతతో. పక్కన గుండ్రంలో 4, దాని పక్కన ఎస్.

బ్రయర్_బాబు

గుండ్రంలో 4 అంటే బౌల్ సైజు, ఎస్ అంటే షెల్. ఆ సైజు గుండ్రం యాభైల మొదట్లో వచ్చింది, అంతకుముందు వాటి మీద ఉండదు. చిన్న 3 కాబట్టి 1953. మంచిది దొరికింది నీకు. షెల్ పైపు బయట గరుకుదనం లోతుగా ఉందా?

సైలెంట్_రీడర్

చాలా లోతుగా, కొండరాయిలా.

దొరవారి_చుంగాణి

డన్‌హిల్ పేరు వచ్చింది కాబట్టి చెప్తున్నా. అక్కడ పని చేసి బయటికి వచ్చినవాళ్లే పోటీదారులయ్యారు. జోయెల్ సాసీనీ డన్‌హిల్‌లో చేసి, మొదటి యుద్ధం అయ్యాక సొంతంగా పెట్టుకున్నాడు. మొదట ఒక నీలి చుక్క, తర్వాత వజ్రంలా అమర్చిన నాలుగు లేత నీలి చుక్కలు. కిరణ్ లాంటివాళ్లకి చుక్కల గోల ఇక్కడ ఇంకా ఎక్కువ. సాసీనీ పైపుల మీద ఆష్‌ఫర్డ్, వాల్సాల్, విండ్సర్ అని ఊరి పేర్లు కనిపిస్తాయి, అవి ఆకారం పేర్లు, చేసిన ఊళ్లు కావు. కుటుంబం చేతుల్లో 1979 దాకా ఉంది, సేకరించేవాళ్లు అక్కడ గీత గీస్తారు.

చారాటన్ ఇంకో కథ. 1863లో ఫ్రెడరిక్ చారాటన్ లండన్‌లో మొదలుపెట్టాడు. మౌత్‌పీస్ మీద సీపీ ఉంటుంది, పాతవాటిలో సీ అక్షరం పీ లోకి దూసుకుపోతుంది. షాంక్ మీద పౌండ్ గుర్తులాంటి ఎల్ ఉంటే హెర్మన్ లేన్ అనే అమెరికా వ్యాపారి కాలంలోది, అంటే 1950ల తర్వాతది. ఆ గుర్తు చూసి ధర అనుకున్నవాళ్లున్నారు.

కోవెంట్రీ_కిరణ్

అందరికీ చాలా థాంక్స్. ఇప్పుడు నా సమస్య ఆ మౌత్‌పీస్. వల్కనైట్ పచ్చగా మారింది, వాసన కూడా. శుభ్రం చేసి ఉంచనా, తీసేసి పాతకాలం గుండ్రటి రంధ్రం ఉన్నది ఎవరితోనైనా చేయించనా? చుక్క మాత్రం చూస్తే చిరాకుగా ఉంది.

బ్రయర్_బాబు

చేయించెయ్. 1911 బీబీబీకి ఆ చుక్క అవమానం.

వెండిమచ్చ

నేను ఒప్పుకోను. ఎవరో ఎప్పుడో వాడుకోవడానికి పెట్టించుకున్నారు, అది కూడా ఆ పైపు చరిత్రే. తీసేసినా పారేయొద్దు, ఒక కవర్లో పెట్టి పైపుతో పాటే ఉంచండి.

దొరవారి_చుంగాణి

ఇద్దరి మాటా విను, కానీ ముందు ఇది చూడు. మౌత్‌పీస్ ఊడదీసి దాని టెనన్ (షాంక్‌లోకి దూరే కొస) ఎలా ఉందో చూడు. పాత పైపుల్లో ఎముక మర ఉంటుంది, స్క్రూలా తిప్పి బిగించేది. షాంక్ లోపల మర గాడి ఉందీ అంటే అసలు మౌత్‌పీస్ ఎముక మరతో ఉండేదని అర్థం, ఇప్పుడున్నది ఊరికే దూర్చింది. అప్పుడు కొత్తది చేసేవాడికి కూడా అదే చెప్పాలి.

పచ్చదనం గంధకం వల్ల, వల్కనైట్ అంటే గంధకం కలిపిన రబ్బరే. ఎండలో పెట్టొద్దు. పచ్చని పొరని మెత్తటి గుడ్డతో, కొంచెం నూనెతో, ఓపికగా తీయి. వేడినీళ్లలో వేస్తే వంగిపోతుంది, ఇంకా పచ్చబడుతుంది.

అమ్మాలనుకుంటే మాత్రం మౌత్‌పీస్ మార్చింది అని ముందే రాయి. లేకపోతే తర్వాత కొన్నవాడు ఇదే వేదికలో "తెల్ల చుక్క ఉంది, డన్‌హిల్ కదా" అని థ్రెడ్డు పెడతాడు, మళ్లీ మేమే జవాబు చెప్పాలి.

కోవెంట్రీ_కిరణ్

ఊడదీశా సార్. షాంక్ లోపల మర గాడి స్పష్టంగా ఉంది! ఇప్పుడున్న టెనన్ నున్నగా ఉంది, కాగితం చుట్టి బిగించారు.

దొరవారి_చుంగాణి

అయితే గుండ్రటి రంధ్రం, ఎముక మర, రెండూ కావాలి. చేయగలిగినవాళ్లు ఇంగ్లండ్‌లో కొందరున్నారు, ఖర్చు పైపు కంటే ఎక్కువ అవుతుంది. తొందరేం లేదు, ఇలాంటి డబ్బాల్లోనే విరిగిన పాత పైపు ఒకటి దొరికేదాకా ఆగు, దాని మౌత్‌పీస్ సరిపోవచ్చు.

చీరాల_పిల్లోడు

బావ ఇప్పుడు ఐదు వేలు అంటున్నాడు.

బ్రయర్_బాబు

ఆయన్ని కూడా ఈ థ్రెడ్డులోకి రమ్మను తమ్ముడూ.